బొంతలో దాగిన జోడు: పాత కవచాల నకళ్ళు, దక్షిణ తెలంగాణ ఆధారాలు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఊరి పొలిమేరనో, చెరువుకట్ట మీదనో, పాడుబడ్డ గుడి వాకిట్లోనో నిలబడి ఉండే వీరగల్లు మీది యోధుడికి సాధారణంగా ఒక చేత కత్తి, మరో చేత డాలు, నడుమున బాకు, తల మీద కొప్పు ఉంటాయి. ఒంటి మీద మాత్రం బిగించి కట్టిన బట్ట, నాలుగు నగలు తప్ప మరేమీ కనిపించవు. పోరులో ఒరిగినవాడి గుర్తుగా నిలిపిన రాయి మీదనే పోరు దుస్తులు లేకపోవడం, మధ్యయుగపు కవచాలకు నకళ్ళు చేయాలన్న సరదాతో ఆ రాయి దగ్గరికి వెళ్ళినవారికి ఎదురయ్యే మొదటి చిక్కు. చాలాచోట్ల ఆ రాయికి ఏదో ఒక దేవుడి పేరు పెట్టి తరతరాలుగా పసుపు, నూనె పూస్తూ వచ్చినందువల్ల చెక్కడంలోని సన్నని గీతలు పూడిపోయి ఉంటాయి. అక్కడ అసలు గీతే లేదా, ఉండి కనిపించడం లేదా అన్నది కూడా ఒక్కోసారి తేలదు. పొద్దున్నో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడే వేళ చూస్తే నడుము పట్టీ అంచు, బట్ట మడతలు తేటగా బయటపడతాయి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోల మీద ఆధారపడేవారు ఈ తేడాను పట్టుకోలేరు.

పాత కవచాలకు నకళ్ళు చేయడం కొన్ని దేశాల్లో బాగా పాతుకున్న వ్యాపకం. 1966లో కాలిఫోర్నియాలో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజం లాంటి సంఘాల్లో సభ్యులు తాము చేసుకున్నవో, కొనుక్కున్నవో కవచాలు తొడుక్కుని బెత్తపు కర్రలతో తలపడుతుంటారు. వారికి కావలసిన ఉక్కు టోపీలు, గొలుసు జోళ్ళు (ఇనుప రింగులు అల్లిన కవచాలు) డెహ్రాడూన్ వంటి మన ఊళ్ళలో తయారై ఓడలెక్కుతున్నాయన్నది వేరే ముచ్చట. ఇక్కడ ఈ పనికి పూనుకునేవారికి సులువుగా దొరికే పటాలు, కొలతలు దాదాపు అన్నీ పదిహేనో శతాబ్దపు మిలాన్, ఆగ్స్‌బర్గ్ కవచాలవే. అందువల్ల మొదటి పనిగా ఇనుప రేకు కొనడం, శిరస్త్రాణం కొట్టబోవడం, అది సొట్టలు పడ్డ గిన్నెలా తేలడం, ఆ తర్వాత సుత్తి అటకెక్కడం తరచుగా జరిగే కథ. ఈ నేలకు సంబంధించినంతవరకు ఆ దారి తలకిందులుగా ఉంది. ఇక్కడి సిపాయికి కవచమంటే మొదట గుడ్డ, తర్వాత తోలు, ఆ తర్వాత తీగ, అన్నిటికన్నా చివర రేకు. నకలు చేసేవారు కూడా అదే వరసలో నడిస్తే ఖర్చు తగ్గుతుంది, తెలిసేది పెరుగుతుంది.

తెలుగులో కవచానికి ఉన్న పాత మాటలు కూడా ఇనుమును ప్రస్తావించవు. మైమరువు అంటే మేనిని కప్పేది. జోడు అంటే జంటగా తొడిగేది. కాళ్ళ జోడు, కళ్ళ జోడు వాడుకలో మిగిలాయి, ఒంటి జోడు మాత్రం నిఘంటువుల్లోకి వెళ్ళిపోయింది. మాటను బట్టి వస్తువును ఊహించడం ప్రమాదకరమే అయినా, ఈ రెండు మాటల్లోనూ ఉన్నది తొడుగు, కప్పు అన్న భావమే తప్ప లోహం కాదన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

వస్తువులే దొరికితే ఈ ఊహలతో పని ఉండదు. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో విస్బీ కోట బయట 1361 జూలైలో జరిగిన పోరులో చనిపోయినవారిని మూకుమ్మడి గోతుల్లో చాలామందిని కవచాలతోనే పూడ్చారు. ఎండాకాలం కావడంతో శవాల మీది జోళ్ళు విప్పే వ్యవధి లేకపోయిందని సాధారణంగా చెబుతారు. ఆ గోతులను తవ్వినప్పుడు బయటపడ్డ ఇనుప పలకల చొక్కాలే, ఆ కాలపు పలకల చొక్కాలకు ఐరోపాలో నేడు చేసే నకళ్ళకు మూలం. రాచకొండ, దేవరకొండ కోటల చుట్టూ జరిగిన పోరాటాలకు అలాంటి గోతి లేదు. ఇక్కడ ఇనుము విలువైన సరుకు. పనికిరాని జోడు కొలిమిలోకి వెళ్ళి కర్రుగానో కొడవలిగానో మారుతుంది. గుడ్డ చెదలపాలవుతుంది, తోలు ఎలుకలపాలవుతుంది. ఇక గుప్తనిధుల పేరుతో కోటల్లో దొంగచాటుగా తవ్వేవారి చేతుల్లో ఏవైనా ఇనుప ముక్కలు పడితే, బంగారం కాదు కాబట్టి, వాటిని పక్కకు విసిరేసే అవకాశమే ఎక్కువ.

శాసనాల సాయం కూడా పరిమితమే. నకిరేకల్ దగ్గరి చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం కాకతీయ రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరారని చెప్పి, వారి పుణ్యం కోసం చేసిన భూదానాన్ని నమోదు చేస్తుంది. రుద్రమ మరణ సంవత్సరాన్ని చరిత్రకారులు తేల్చుకున్నది ఈ రాతి వల్లనే. అంత విలువైన రాతిలో కూడా ఆ సేనాని ఏం తొడుక్కుని పోరుకు వెళ్ళాడన్న మాట ఉండదు, ఉండవలసిన పని కూడా లేదు. శాసనం చెక్కించినవారికి కావలసింది పొలం హద్దులు, దానం వివరాలు, ఆ దానాన్ని చెరిపినవారికి తగిలే పాపం.

శిల్పాలను చదవడంలో ఇంకో తంటా ఉంది. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది పురాణ కథల్లోనూ, ఆ ఆవరణలోని మ్యూజియం విగ్రహాల్లోనూ కొన్ని మూర్తులకు ఛాతీ మీద అడ్డంగా దాటుకుంటూ పోయే రెండు పట్టీలు, పొట్ట మీద ఒక వెడల్పాటి బిళ్ళల పట్టీ కనిపిస్తాయి. కొత్తగా చూసేవారు వాటిని కవచపు కట్లుగా భావించి తోలుతో చేయబోతారు. కానీ మొదటిది ఛన్నవీరం, రెండోది ఉదరబంధం; రెండూ నగలే. ఆడదేవతలకూ, నాట్యగత్తెలకూ కూడా అవే ఉంటాయన్నది గమనిస్తే సందేహం తీరిపోతుంది. అలాగే చిందు యక్షగానం, వీధి భాగవతం వేషాల్లో భుజాల మీద రెక్కల్లా లేచి ఉండే భుజకీర్తులను చూసి, ఇది భుజకవచమే కదా అనుకోవడం సహజం. తేలికైన పుణికి కర్రతో చేసి అద్దాలు, రంగు కాగితాలు అతికిన ఆ భుజకీర్తి చేసే పని వేషధారిని దూరం నుంచి పెద్దగా చూపడం. దెబ్బ కాచడానికి దాని ఆకారమే పనికిరాదు, ఎందుకంటే అంచు బయటికి తిరిగి ఉన్న పలక మీద పడ్డ కత్తి జారి మెడ వైపుకే వస్తుంది. సినిమా వేషాలు చాలావరకు ఈ రంగస్థలపు పలకలను ఫైబరుతో పోత పోసినవే కాబట్టి, వాటిని చూసి చేసిన నకలు నకలుకే నకలవుతుంది.

కళ్ళారా చూసి రాసినవారి మాట కొంత దొరుకుతుంది. గద్వాల దాటితే వచ్చే రాయచూరు కోసం విజయనగరం, బిజాపూరు సేనలు 1520లో తలపడ్డాయి. దాదాపు అదే కాలంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి తర్వాత జరిగిన సేనల కవాతును వర్ణించాడు. గుర్రపు రౌతుల అంగీలు పట్టు, మఖమలు, జరీ బట్టలతో కుట్టినవని, లోపల గట్టి పచ్చితోలు పొరలు ఉంటాయని, వాటికి ఇనుప పలకలు అమర్చారని, కొందరి పలకలకు బంగారు పూత కూడా ఉందని, శిరస్త్రాణాలకు మెడను కప్పే అంచులు, ముఖాన్ని కాపాడే ముక్కలు ఉన్నాయని చెప్పాడు. ఈ వర్ణనలో వరస గమనించాలి. బయట బట్ట, దాని కింద తోలు, ఇనుము ఆ రెండింటికీ తోడు. దూరం నుంచి చూసేవారికి కనిపించేది మెరిసే బట్టే. శిల్పి చెక్కినా బట్ట మడతలనే చెక్కుతాడు. వీరగల్లు మీద ఇనుము కనిపించకపోవడానికి వాడుకలో ఉన్న శిల్ప సంప్రదాయం పెద్ద కారణం కావచ్చు. బట్ట కింద దాగిన తోలు కూడా ఒక చిన్న కారణం అయి ఉండవచ్చు. రెండింటినీ కలిపి చూడకుండా, ఇక్కడి యోధులు కవచమే తొడగలేదని తేల్చేయడం తొందరపాటు.

నకలు చేసేవారికి అందువల్ల బొంతే మొదటి పాఠం కావాలి. పత్తి పండే నల్లగొండలో, నేతచీరలు నేసే గద్వాలలో బొంత ఏమిటో వివరించనక్కర్లేదు. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ అంచు మడిచి, దగ్గర దగ్గరగా పొడుగు వరసల్లో కుట్టేది. పదకొండో లూయీ పదిహేనో శతాబ్దంలో ఫ్రాన్సును ఏలినప్పుడు తన సైనికులకు కుట్టించాల్సిన గుడ్డ కవచాల గురించి ఇచ్చిన ఆదేశంలో 25 నుంచి 30 పొరల గుడ్డ, దాని మీద జింక తోలు ఉండాలన్నాడు. అందులోనే, కొంత వాడి మెత్తబడ్డ గుడ్డలే ఈ పనికి శ్రేష్ఠమన్న సూచన ఉంది. బొంత కుట్టే అవ్వ కొత్త గుడ్డను ముట్టకపోవడానికీ, ఈ రాజాజ్ఞకూ కారణం ఒక్కటే. ఉతికి ఉతికి గంజి పోయిన నూలు ఒక పొర మీద ఇంకో పొర అంటుకుని కూర్చుంటుంది. కొత్త గుడ్డ పొరల మధ్య గాలి మిగులుతుంది, సూది దిగదు, కుట్టు బిగియదు.

ఇక్కడ బొంతకూ రజాయికీ తేడా తెలియాలి. రజాయిలో రెండు గుడ్డల మధ్య ఏకిన దూది ఉంటుంది. తేలికగా ఉండి, గుదియ లాంటి మొద్దు దెబ్బను మింగుతుంది కానీ, కత్తి మొనకు దూది ఒక అడ్డంకే కాదు. బొంతలో ప్రతి పొరా నేసిన గుడ్డ కాబట్టి మొన ప్రతి పొరలోనూ పోగులను తెంచుకుంటూ పోవాలి. అందుకే పాత కుట్టు కవచాల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. ఇనుప జోడు కింద వేసుకునేది దూది పెట్టినది, విడిగా వేసుకునేది పొరలు పేర్చినది అన్న విభజన అన్ని చోట్లా పాటించకపోయినా, మొదట ప్రయత్నించేవారికి మంచి కొలబద్ద. జానెడు చదరంగా 10, 15, 20, 25 పొరల ముక్కలు కుట్టి, తడి ఇసుక మీద పరిచి, కిలో బరువున్న మొనదేలిన కడ్డీని మీటరు ఎత్తు నుంచి గొట్టంలోంచి జారవిడిస్తే ప్రతి ముక్క మీదా దాదాపు 10 జౌల్‌ల శక్తి ఉన్న దెబ్బ పడుతుంది. ఎన్ని పొరలు తెగాయో లెక్కపెట్టి, కుట్టు వరసల మధ్య దూరాన్ని వేలెడు, అరవేలు, పావు వేలుగా మార్చి మళ్ళీ చూస్తే, పొరల సంఖ్యతో పాటు కుట్టు బిగువు ఎంత ముఖ్యమో చేతికి తెలుస్తుంది.

బరువు లెక్క కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. చదరపు మీటరు 150 గ్రాములు తూగే నూలు గుడ్డ 2 చదరపు మీటర్ల చొప్పున 25 పొరలు పేరిస్తే ఏడున్నర కిలోలు. పొట్టి చేతుల ఇనుప గొలుసు జోడు 8 నుంచి 12 కిలోలు ఉంటుందంటే, గుడ్డ జోడు ఇనుప జోడుకు ఎంత దగ్గరగా వస్తుందో చూడవచ్చు. 100 గ్రాముల పాత చీరలు వాడితే అదే 5 కిలోలకు దిగుతుంది. గుడ్డ కవచాన్ని పేదవాడి సరదాగా, ఇనుప కవచాన్ని అసలు సరుకుగా చూసే అలవాటు ఈ తూకం దగ్గరే సగం పోతుంది.

కానీ బొంత కుట్టడం వచ్చినంత మాత్రాన జోడు కుట్టడం రాదు. బొంత నేల మీద చదునుగా ఉంటుంది, ఒళ్ళు గుండ్రంగా ఉంటుంది. 25 పొరలు కుట్టాక మందం 8 మిల్లీమీటర్లు అనుకుంటే, ఛాతీ చుట్టూ తిరిగే బయటి పొర చుట్టుకొలత లోపలి పొర కన్నా 5 సెంటీమీటర్లు ఎక్కువ కావాలి. అన్ని పొరలనూ ఒకే కొలతతో కోసి, నేల మీద పరిచి కుట్టి, తర్వాత ఒంటికి చుడితే లోపలి పొరలు ముడతలు పడి, ఆ ముడతలు పక్కటెముకల మీద గట్లలా నొక్కుతాయి. మొదటిసారి కుట్టిన ప్రతివారూ చేసే తప్పు ఇదే. ఒక్కో పొరను కిందిదాని కన్నా దారమంత పెంచి కోసి, గుండ్రటి దిండు మీదనో, నీళ్ళ బిందె మీదనో వేసి టాకాలు వేసి, ఆ వంపులోనే కుట్టుకుంటూ పోవాలి. ఇంట్లో బట్టలు కుట్టే మిషను సూది 25 పొరల్లో విరుగుతుంది. గోనెసంచుల మూతులు కుట్టే దబ్బనం, తేనెమైనం రాసిన నూలు దారం, అరచేతికి ఒక తోలు ముక్క ఉంటే చాలు. పని మెల్లగా సాగుతుంది, రోజుకు రెండు మూడు వరసలు మించితే వేళ్ళు ఒప్పుకోవు.

గొలుసు జోడులో శ్రమ వేరే రకం. కడ్డీ చుట్టూ తీగ చుట్టి, ఆ చుట్టను నిలువునా కోస్తే రింగులు వస్తాయి. ఒక్కో రింగులో నాలుగు రింగులు కోర్చుకుంటూ పోయేదే వాడుకలో ఉన్న అల్లిక. ఎక్కువమంది ఇక్కడే ఆగి, రింగు కొసలను ఎదురెదురుగా తెచ్చి ప్లయర్‌తో నొక్కి వదిలేస్తారు. అలా చేసిన జోడును కొన్నాళ్ళు వాడితే, దాని బరువుకూ లాగుడుకూ కొన్ని రింగులు నోళ్ళు తెరుస్తాయి. పాత రింగులకు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఆ చోట సుత్తితో చదును చేసి, సన్నని తూటు పొడిచి, గసగస గింజ కన్నా కొంచెం పెద్ద మేకు దూర్చి, దాన్ని నొక్కి మూసేవారు. మన దేశపు జోళ్ళలో ఆ మేకు తల గుండ్రంగా ఉండడం ఎక్కువ, ఐరోపాలో పద్నాలుగో శతాబ్దం తర్వాత చీలలా కోసుగా ఉండే మేకు వ్యాపించింది. ఒక వరస మేకు వేసిన రింగులు, మరో వరస కోతే లేకుండా రేకు నుంచి తొలిచిన రింగులు వేస్తే పని సగానికి తగ్గుతుందన్న కిటుకు రెండు చోట్లా ఉంది. ఒక చొక్కాకు 25,000 రింగులు, వాటిలో సగానికి మేకులు, ఒక్కో మేకుకు ఒక్క నిమిషం చొప్పున వేసుకున్నా 208 గంటలు, అంటే రోజుకు రెండు గంటలు కూర్చునేవారికి మూడున్నర నెలలు. అల్లిక సమయం ఇందులో చేరలేదు.

తీగ ఎంపికలో ఒక హెచ్చరిక అవసరం. ఇళ్ళ సెంట్రింగ్ దగ్గర కమ్మీలు కట్టే నల్లటి బైండింగ్ వైరు కాల్చి మెత్తబరచినదే కాబట్టి చదును చేయడానికి వెంటనే లొంగుతుంది, పైగా కిలోల్లెక్కన ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. కంచెకు వాడే తెల్లటి జీఐ తీగ మీద జింకు పూత ఉంటుంది. దాన్ని మెత్తబరుద్దామని కొలిమిలో పెడితే జింకు పొగ లేస్తుంది, అది పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం లాంటిది పట్టుకుంటుంది. తుప్పు పట్టదన్న ఆశతో జీఐ కొన్నవారు దాన్ని పొయ్యికి దూరంగానే ఉంచాలి. నల్ల తీగ తుప్పుకు పాత మందే ఉంది: వానాకాలం అంతా నూనె గుడ్డలో చుట్టి పెట్టడం.

దక్కను జోళ్ళను దగ్గరగా చూడాలంటే మాత్రం దూరం పోవాలి. 1689లో మొగలు సేన ఆదోనిని పట్టుకున్నప్పుడు ఆ దాడిలో ఉన్న బికనీరు రాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలను, కవచాలను తన కోటకు తరలించాడు. తుంగభద్రకు ఆవలి గట్టున తొడిగిన జోళ్ళు అలా ఎడారికి చేరి, ఆయుధశాలలో పదిలంగా ఉండిపోయాయి. వాటిలో కొన్ని తర్వాత విదేశీ మ్యూజియాలకు వెళ్ళాయి. తెచ్చిన చోటు పేరు చుక్కలతో చెక్కి ఉండడం వల్ల దక్కనువని నమ్మకంగా చెప్పగల కవచాలు ఇన్ని మిగిలాయి. దోపిడీ లెక్క రాసిపెట్టినవాడు అధ్యయనానికి ఇంత మేలు చేయడం విడ్డూరమే. ఆ కాలపు జోళ్ళలో ఇనుప రింగులతో ఇత్తడి రింగులు కలిపి గళ్ళు తేల్చే గంగాజమునీ అల్లిక, రింగు మధ్యలో అడ్డుపుల్ల ఉన్న రకం, ఛాతీ మీద అల్లికలోనే పలకలు కోర్చే పద్ధతి, ఛాతీకి, వీపుకి, రెండు పక్కలకి నాలుగు పలకలు కట్టే చార్‌ఐనా కనిపిస్తాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్ళేవారు అద్దం ఇవతలి నుంచే అయినా చార్‌ఐనా పక్క పలకల పై అంచును చూడాలి. చంక దగ్గర లోపలికి అర్ధచంద్రంలా కోసి ఉంటుంది. ఆ కోత లేకుండా చేసిన నకళ్ళు చేతిని ముందుకు చాపనివ్వవు.

రేకు పనికి వచ్చేసరికి సాయం కోసం చాలామంది ఊరి కమ్మరి దగ్గరికి వెళతారు. అక్కడ వారికి నిరాశే ఎదురవుతుంది, అందులో కమ్మరి తప్పు లేదు. కమ్మరి చేతికి అలవాటైనది కడ్డీ, పట్టా: కర్రు సాగదీయడం, గొడ్డలికి పదును పెట్టడం, బండి కమ్మి ఎక్కించడం. శిరస్త్రాణం అంటే బోర్లించిన గిన్నె. గిన్నె చేసేవాడు కంచరి. చదును రేకును మెల్లగా లోతుకు తీసుకెళ్ళడం, మధ్య మధ్య కాల్చి మెత్తబరచడం, అంచు చీలకుండా ముడతలను మింగించడం అతని విద్య. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు పని చూసినవారికి, సుత్తి ఒక్కో దెబ్బా ముందు దెబ్బను సగం కప్పుతూ పడడం గుర్తుంటుంది. ఆ లయ లేనిచోటే సొట్టలు వస్తాయి.

చేసే పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. మాంసం కొట్టే చింతమొద్దు లాంటి దానిలో గుంట తొలిచి, రేకును అందులో పెట్టి లోపలి నుంచి కొట్టడం తేలిక. గంటలో గిన్నె ఆకారం వస్తుంది. కానీ అలా కొట్టినప్పుడు రేకు సాగేది మధ్యలోనే కాబట్టి నడినెత్తి దగ్గర పలచబడుతుంది. పాత శిరస్త్రాణాల్లో మంచివి దీనికి సరిగ్గా ఎదురు, దెబ్బ పడే నెత్తి, నుదురు మందంగా, పక్కలు పలచగా ఉంటాయి. రేకును గుండు లాంటి దిమ్మె మీద బోర్లించి, బయటి నుంచి అంచుల వైపుగా కుదించుకుంటూ కొడితే నెత్తి మందం నెత్తికే మిగులుతుంది. ఇందులో రోజులు పడతాయి. 1.2 మిల్లీమీటర్ల మామూలు ఉక్కు రేకు నాలుగైదు వరసల దెబ్బలకే గట్టిపడి ఎదురు తంతుంది. ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లార్చనిదే మళ్ళీ మాట వినదు. తయారైన టోపీ నెత్తిని వేలితో తట్టి, అంచును తట్టి, చప్పుడులో తేడా వింటే అది ఏ పద్ధతిలో పుట్టిందో చెప్పవచ్చు.

ఇక్కడ ఉక్కు గురించి ఒక భ్రమ తొలగాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వంటి ఊళ్ళలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు దేశదేశాలకు వెళ్ళిందన్నది నిజం. దాన్ని పట్టుకుని తెలంగాణ యోధులంతా ఆ ఉక్కు కవచాలే తొడిగారని చెప్పడం అతిశయోక్తి. ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉండే ఆ ఉక్కు కత్తికి ప్రాణం, రేకుకు గండం. కాక కాస్త ఎక్కువైతే సుత్తి కింద పెళుసుగా విరుగుతుంది, తక్కువైతే సాగదు. ఖరీదైన శిరస్త్రాణాలు, చార్‌ఐనా పలకలు కొన్ని ఆ ఉక్కుతో చేసినవి మ్యూజియాల్లో ఉన్నాయి, కానీ వాటిని తొడిగినవారు సామాన్య సిపాయిలు కారు.

డాలు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. గుండ్రటి తోలు డాలు ముఖాన నాలుగు బొడిపెలు అలంకారంగా కనిపిస్తాయి. వెనక్కి తిప్పితే ఆ నాలుగూ నాలుగు కడియాల మేకుల తలలు, ఆ కడియాలకే రెండు పిడికిలి పట్టీలు, వాటి కింద వేలి కణుపులకు చిన్న దిండు. తంగేడు చెక్కతో ఊనిన గేదె తోలు ఇప్పటికీ దొరికేచోట, చేతికి ముందుగా తీసుకోదగ్గ నకలు ఇదే. కత్తుల జోలికి వెళ్ళేవారు మాత్రం తొమ్మిది అంగుళాల పొడవు లేదా రెండంగుళాల వెడల్పు మించిన పదునైన అలుగు ఆయుధ నియమాల కిందికి వస్తుందని తెలుసుకోవాలి. నూరేళ్ళు దాటిన అసలు జోడు ఎవరైనా అమ్మజూపితే 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది.

నకలు పూర్తయ్యాక అద్దం ముందు నిలబడి ఫొటో దిగడంతో చాలామంది పని ముగిస్తారు. అసలు అధ్యయనం అక్కడ మొదలవుతుంది. సుమారు 500 అడుగుల భువనగిరి బండ మెట్లు మామూలుగా ఎక్కినప్పుడు ఎంతసేపు పడుతుందో, గుడ్డ జోడుతో ఎంత, దాని మీద గొలుసు జోడుతో ఎంత అని చూస్తే, కొండకోటల కాపలావాడి బాధ కొంత అర్థమవుతుంది. ఈ పరీక్ష మార్గశిరంలోనే చేయాలి. 44 డిగ్రీల నల్లగొండ వైశాఖంలో 25 పొరల బొంత తొడిగి కొండెక్కేవారు చరిత్రకు కాదు, ఆసుపత్రికి పనికొస్తారు. గొలుసు జోడు బరువు భుజాల మీదే వేలాడితే పావుగంటకే మెడ నరాలు లాగుతాయి. నడుముకు గట్టి దట్టీ బిగించి, పైభాగాన్ని కాస్త పైకి లాగి వదిలితే బరువులో కొంత తుంటి మీదకు దిగుతుంది. శిల్పాల్లో దాదాపు ప్రతి యోధుడికీ ఉన్న ఆ వెడల్పాటి నడుము కట్టుకు ఇలాంటి పని కూడా ఉండి ఉంటుందన్న ఊహ తొడిగినవారికి కలిగినంత సులువుగా చూసినవారికి కలగదు.

ఆ తర్వాత వీరగల్లు దగ్గరికి తిరిగి వెళ్ళి, రాతి మీది భంగిమను జోడు తొడిగి పట్టి చూడవచ్చు: కుడిచేయి తల మీదికి ఎత్తి కత్తి వెనక్కి వాల్చి, ఎడమచేయి డాలుతో ముందుకు చాపి, ఒక మోకాలు వంచి. మామూలు చొక్కా పద్ధతిలో చంక వెడల్పుగా కోసి కుట్టిన జోడులో చెయ్యి భుజం మట్టం దాటగానే జోడు మొత్తం చెవుల దాకా లేస్తుంది, పొట్ట బయటపడుతుంది. వెడల్పు కోతతో చెయ్యి స్వేచ్ఛగా ఆడుతుందనుకోవడం సహజమే కానీ, జరిగేది దానికి ఎదురు. చంక గుంటకు ఆనుకునేలా పైకి, ఇరుకుగా కోసి, కింద పలక ఆకారపు ముక్క ఒకటి అతికి కుట్టిన జోడులో అదే చెయ్యి తల మీదికి పోతుంది, నడుము కట్టు కదలదు. పాత జుబ్బాలకు దర్జీలు వేసిన చంక ముక్క అదే. 25 పొరల మందంలో ఆ ముక్కను అంతే మందంగా వేస్తే మడత పడదు కాబట్టి అక్కడ ఐదారు పొరలతో సరిపెట్టాలి. కత్తి ఎత్తిన ప్రతిసారీ ఆ పలచని చోటు ఎదుటివాడికి తెరుచుకుంటుంది, ఆ చోటుకు ఎదురుగా రాతి యోధుడి ఎడమచేతి డాలు చాపి ఉంటుంది.